నాలుగో గది కార్డు

మా వదిన స్పృహ తప్పడానికి ఒక పద్ధతి ఉంది. ముందు కళ్ళజోడు తీస్తుంది. దాన్ని పెట్టెలో పెట్టి, పెట్టె టక్కున మూస్తుంది. మెట్ల దగ్గరకు నడిచి, కింది నుంచి మూడో మెట్టు ఎక్కి, హాల్లో ఎవరైనా ఉన్నారా అని ఒకసారి చూసుకుంటుంది. ఉంటే "అయ్యో, నా ప్రాణం!" అని పడిపోతుంది. లేకపోతే దిగివచ్చి తన పని చూసుకుంటుంది. ఈ ఇంటికి వచ్చిన ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి కూడా దెబ్బ తగల్లేదు.

పాలు పొంగితే కొంప మునిగిందంటుంది. పక్కింటి కుక్క తనను చూసి మొరగకపోతే, "దానికి కూడా నేనంటే లెక్కలేదు" అని మధ్యాహ్నం దాకా బాధపడుతుంది. బస్సులో పక్కన కూర్చున్నావిడ దిగేలోపు ప్రాణస్నేహితురాలైపోతుంది. ఆవిడ దిగి వెనక్కి తిరిగి చూడకపోతే అదింకో పెద్ద ద్రోహం. మా అన్నయ్య ఇవన్నీ పేపరు వెనకనుంచి వింటాడు. పేపరు అయిపోతే మళ్ళీ మొదటి పేజీ నుంచి చదువుతాడు. పెళ్ళికాని నేను పైగదిలో ఉంటూ వదిన చేతి వంట తింటాను కాబట్టి నాకు పేపరు దొరకదు. "వదినా, కొంచెం తగ్గించు" అంటాను. రోజుకు నాలుగుసార్లైనా అంటాను.

అనడానికి నాకు అర్హత ఉంది. పదిహేనేళ్ళు నాటక సమాజంలో తెర వెనక కూర్చుని మాటలందించినవాణ్ణి. అవసరానికి మించి చేసే నటుల్ని చూస్తే నాకు ఒళ్ళు మంట. సమాజం మూతపడ్డాక వైద్య కళాశాల వాళ్ళు నాకో ఉద్యోగం ఇచ్చారు. మానసిక వైద్యం చదివేవాళ్ళ పరీక్షకు నిజం రోగుల్ని తెచ్చి కూర్చోబెట్టలేరు కదా. అందుకని మామూలు మనుషులకు రోగి వేషం నేర్పి గదికొకరిని కూర్చోబెడతారు. బెల్లు కొట్టగానే విద్యార్థి లోపలికి వస్తాడు, పది నిమిషాలు ప్రశ్నలు వేస్తాడు, జబ్బు పేరు చెబుతాడు, బెల్లు కొట్టగానే పక్క గదికి పోతాడు. ఏ రోగి ఏం చెప్పాలో ఒక కార్డు మీద ఉంటుంది. ఆ కార్డులు రాసేది నేను.

మూడు నుంచి ఆరు దాకా గదులు నాటకీయమైన వ్యక్తిత్వాలవి. మూడో గదిలో తనంతటివాడు లేడనుకునే మనిషి. ఆ వేషం ఒక మంగలి వేస్తాడు, అతనికి కార్డు అక్కర్లేదు. ఐదులో పొద్దున నెత్తిన పెట్టుకున్నవాణ్ణే సాయంత్రానికి నేలకేసి కొట్టే మనిషి. ఆరులో నియమాలన్నీ పక్కవాళ్ళకే అనుకునేవాడు. ఇక నాలుగో గది హిస్ట్రియానిక్. అంటే ఎప్పుడూ నలుగురి కళ్ళూ తన మీదే ఉండాలి, లేకపోతే ఊపిరాడదు.

ఆ నాలుగో గది కార్డు రాయడానికి ఐదేళ్ళ కిందట నేను పుస్తకాలేమీ తిరగెయ్యలేదు. మా మెట్ల వైపు తిరిగి కూర్చుని రాశాను. కళ్ళజోడు, మూడో మెట్టు, పక్కింటి కుక్క, బస్సులో ఆవిడ, అన్నీ దింపేశాను. వదిన నడిపే కుట్టు దుకాణాన్ని పూల దుకాణం చేశాను. అంతకుమించి ఒక్క ముక్క మార్చలేదు. పెద్ద డాక్టరమ్మ చదివి, "భలే రాశావయ్యా, ఎదురుగా కూర్చున్నట్టుంది" అంది. నేను పొంగిపోయాను. రిటైరైన ఒక టీచరమ్మ ఏటా ఆ వేషం వేస్తోంది. వదినకు ఆ కార్డు సంగతే తెలియదు.

పరీక్ష రోజు పొద్దున్నే టీచరమ్మ ఫోన్ చేసింది. స్నానాల గదిలో జారి మడమ బెణికిందట, అడుగు వెయ్యలేకపోతోందట. "నాలుగో గది ఖాళీ అయితే పరీక్షే ఆగిపోతుంది టీచరమ్మా! వేషం వెయ్యడానికి ఇప్పటికిప్పుడు ఎవర్ని తెచ్చేది?" అని అరిచాను. అరవకుండా ఉండాల్సింది. వంటగది గుమ్మంలో వదిన గరిటెతో సహా నిలబడి ఉంది.

"వేషమా?" అంది. గరిటె పక్కన పెట్టింది. "నేనేస్తాను."

"నీకెందుకు వదినా శ్రమ."

"ఒక్క ఆడది కాలు జారితే పిల్లల చదువులు ఆగిపోతాయా? నేను బతికుండగానా?" అని చెయ్యి గుండె మీద వేసుకుంది.

పేపరు వెనకనుంచి అన్నయ్య, "తీసుకెళ్ళరా" అన్నాడు. ఒక్కపూట ప్రశాంతంగా ఉంటుందని ఆయన ఆశ. నా పైప్రాణాలు పైనే పోయాయి. విద్యార్థుల దగ్గరుండే కాగితాలూ, మార్కులేసే కాగితాలూ ముందురోజే సీలు వేసి లోపల పెట్టేశారు. ఇప్పుడు కార్డులో అక్షరం మార్చినా లెక్క తప్పుతుంది. వదిన చేతికి ఆ కార్డే ఇవ్వాలి. అందులో ఉన్నది తానేనని వదినకు తెలిస్తే ఎలా అన్నదొక్కటే నా భయం. మెట్ల మీద పడితే లేపొచ్చు. నిజంగా మనసు విరిగి మాట్లాడ్డం మానేస్తే ఆ ఇంట్లో నేను ఎవరి మొహం చూసి అన్నం తినాలి?

ఆటోలో వదిన కళ్ళజోడు పెట్టుకుని కార్డు పైకి చదవడం మొదలుపెట్టింది. నేను రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాను.

"'స్పృహ తప్పే ముందు కళ్ళజోడు తీసి పెట్టెలో పెడుతుంది.'" వదిన ఆగింది. "నీకు బుర్ర ఉందా? స్పృహ తప్పేవాళ్ళు కళ్ళజోడు తీసి పెట్టుకుంటారా?"

"ఉంటారు వదినా కొందరు."

"'పక్కింటి కుక్క మొరగలేదని బాధపడుతుంది.' ఛ! కుక్క కోసం బాధపడేవాళ్ళుంటారా? ఇంత ఓవర్ ఎవరూ చెయ్యరు మరిదీ. ఎవరీ మనిషి?"

"ఎవరూ కాదు. ఊహించి రాశాను."

"మీ మేనత్తలా ఉంది" అని, డ్రైవర్ వైపు తిరిగి, "ఏం బాబూ, నువ్వు చెప్పు, ఇలాంటివాళ్ళుంటారా?" అని అడిగింది. డ్రైవర్ అద్దంలోంచి చూసి, మా అక్క ఉందమ్మా అన్నాడు. ఇద్దరూ ఆ అక్క గురించి మాట్లాడుకుంటూ కూర్చున్నారు. నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. తనను తాను పోల్చుకోలేదు! ఈ జబ్బు లక్షణమే అదని పెద్ద డాక్టరమ్మ ఎప్పుడూ అంటుంది. ఎదుటివాళ్ళకు వింతగా కనిపించేది వాళ్ళకు వాళ్ళ సహజగుణంలాగే ఉంటుందట. శాస్త్రం మీద నాకు అంత గౌరవం ఎన్నడూ కలగలేదు. దిగేటప్పటికి ఈల వేస్తున్నాను.

పరీక్ష హాలుకు వెళ్ళే నడవా చివర ఒక బెంచీ ఉంది. వదినను అక్కడ కూర్చోబెట్టి, "నేను పిలిచేదాకా నోరు మెదపకుండా ఇక్కడే కూర్చో. గొడవ చెయ్యకు" అన్నాను. వదిన నా మొహం వంక ఒక్క క్షణం చూసి తలూపింది. అప్పుడు నాకేమీ అనిపించలేదు.

వేళ కాగానే వదినను పిలిచి నాలుగో గదిలో కూర్చోబెట్టాను. గదికీ మాకూ మధ్య ఒక గాజు ఉంటుంది. మాకు లోపలివాళ్ళు కనిపిస్తారు, వాళ్ళకు అది మామూలు అద్దం. నేనూ పెద్ద డాక్టరమ్మా ఇవతల కూర్చున్నాం. ఆవిడ పొట్టి మనిషి, చేతిలో ఎప్పుడూ ఒక పెన్సిలుంటుంది, ఆవిడ కోపం ఎంతో పెన్సిలు కొట్టే వేగాన్నిబట్టి తెలుస్తుంది. బెల్లు మోగింది. తలకు నూనె బాగా పట్టించిన ఒక కుర్రాడు లోపలికి వచ్చాడు.

"ఏమైందమ్మా?"

"స్పృహ తప్పానండి" అంది వదిన. నిన్న బట్టలు ఉతికానండి అన్నట్టు అంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, కాళ్ళు దగ్గరగా పెట్టుకుని కూర్చుంది.

నేను కుర్చీలోంచి లేచాను.

"ఇంకా?"

"నా బాధ ఎవరికీ అర్థం కాదండి. నేను చచ్చిపోయినా ఎవరూ పట్టించుకోరండి. పక్కింటి కుక్క కూడా మొరగదండి." ఒక్కో వాక్యం బస్సు నంబర్లు చదివినట్టు చదివింది. కార్డులో మాటలు కార్డులో ఉన్నట్టే చెప్పింది, ఒక్కటీ తప్పు పోలేదు. కుర్రాడు పాపం గడ్డం గోక్కుని, థైరాయిడ్ పరీక్ష చేయించాలని రాశాడు. రెండో విద్యార్థిని రక్తం తక్కువగా ఉందని ఐరన్ మాత్రలు రాసింది. మూడోవాడు నాడి రెండుసార్లు చూసి, "మీకేం లేదమ్మా. మీ ఇంట్లోవాళ్ళను ఒకసారి పంపించండి" అన్నాడు.

పెన్సిలు గబగబా కొట్టుకుంటోంది. "ఎవరయ్యా ఈవిడ?" అంది డాక్టరమ్మ. "ఇంత నిదానమైన మనిషిని నా సర్వీసులో చూడలేదు. నాలుగో గదికి ఇలాంటావిడను తెస్తావా? మధ్యలో విరామం తరువాత కూడా ఇలాగే ఉంటే ఆ గది కొట్టేస్తాను, నీ కార్డు చెత్తబుట్టలో వేస్తాను."

విరామంలో నాలుగో గదికి పరిగెత్తాను. వదిన టీ తాగుతోంది. చప్పుడు కూడా చెయ్యకుండా తాగుతోంది.

"వదినా, నీకు దణ్ణం పెడతాను. కొంచెం పెంచు."

"ఏం పెంచాలి?"

"అదే. గుండె మీద చెయ్యేసుకో. ఏడువు. పడిపో! కుర్చీలోంచి పడిపో, కావాలంటే నేను కింద దిండు వేయిస్తాను."

"ఇరవై రెండేళ్ళుగా తగ్గించు తగ్గించు అని నా ప్రాణం తీశావు. తగ్గించాను. ఇప్పుడు పెంచమంటావా? ఏదో ఒక మాట మీద నిలబడు మరిదీ."

వదిన ఏనాడూ మెట్ల మీద తప్ప మరెక్కడా పడలేదన్నది నేను మరిచిపోయాను. ఆవిడ ముందు నేనే గుండె మీద చెయ్యేసుకుని, కళ్ళు తేలేసి, ఎలా పడాలో చేసి చూపించాను. సరిగ్గా అప్పుడే అటెండరు తలుపు తీశాడు. "సార్‌కి బాగోలేదు!" అని నడవాలోకి కేకపెట్టాడు. ఇద్దరు నర్సులూ ఒక వీల్ చెయిరూ వచ్చేశాక, నాకు బాగానే ఉందని నమ్మించడానికి విరామమంతా సరిపోయింది.

విరామం తరువాత మొదటి బెల్లుకు ఒక అమ్మాయి వచ్చింది. ఒక బూటు లేసు ఊడిపోయి ఉంది. మిగతావాళ్ళలా గబగబా ప్రశ్నలు సంధించలేదు. వదిన చెప్పిందంతా విని, కాసేపు ఊరికే కూర్చుంది. పరీక్షలో ఊరికే కూర్చునేవాళ్ళను నేను చూడలేదు. తరువాత అడిగింది.

"అమ్మా, మీ చిన్నప్పుడు ఇంట్లో మీరు నిశ్శబ్దంగా ఉంటే ఏమయ్యేది?"

కార్డులో దానికి సమాధానం లేదు. కార్డులో లేనిది అడిగితే 'గుర్తులేదండి' అనాలి. అది నేను నేర్పే మొదటి పాఠం. బాల్యం అన్నచోట నేను 'ఇంట్లో చివరి పిల్ల, విపరీతమైన గారాబం' అని మాత్రం రాశాను. ఇలాంటి స్వభావం ఎక్కడినుంచి వస్తుందంటే, పుట్టుకతో కొంత అంటారు, పెంపకంలో కొంత అంటారు, గోల చేస్తే తప్ప ఎవరూ చూడని ఇళ్ళలో ఎక్కువంటారు, ఖాయంగా ఎవరికీ తెలియదంటారు. నేను వాటిలో సులువైనది ఎంచుకుని రాసిపారేశాను. వదిన వైపు చుట్టాలెవరూ మా ఇంటికి పెద్దగా రారు కాబట్టి అడగాలని కూడా తోచలేదు.

వదిన కళ్ళజోడు తీసింది. నాకు ఆశ పుట్టింది. పడిపోతుందనుకున్నాను. పడలేదు. కళ్ళజోడు పెట్టెలో పెట్టలేదు, చేత్తో పట్టుకునే కూర్చుంది.

"మేము ఐదుగురం పిల్లలం. నాకప్పుడు ఏడేళ్ళు. అందరం ఫోటో తీయించుకోవడానికి స్టూడియోకి వెళ్ళాం. మా అమ్మ నన్ను బయట బెంచీ మీద కూర్చోబెట్టి, 'పిలిచేదాకా గొడవ చెయ్యకుండా కూర్చో' అంది. కూర్చున్నాను. కాలు కూడా ఊపలేదు. వాళ్ళు లోపల ఫోటో దిగి, అటు తలుపులోంచి ఇంటికి వెళ్ళిపోయారు."

అమ్మాయి చేతిలో పెన్ను పక్కన పెట్టింది.

"స్టూడియో ఆయన తాళం వేస్తూ చూసి ఇంటికి తీసుకొచ్చాడు. అందరూ అన్నాలు తినేశారు. నేను లేనని ఎవరికీ తెలీలేదమ్మా. ఆ ఫోటో హాల్లో పెట్టారు. వచ్చినవాళ్ళందరూ ఎంత చక్కటి కుటుంబమో అనేవాళ్ళు. ఒక్కరూ లెక్కపెట్టలేదు. ఇంకో నాలుగు రోజులకి మెట్లు దిగుతూ నిజంగానే కాలు జారి పడ్డాను. మూడో మెట్టు మీద. ఇల్లంతా పరిగెత్తుకొచ్చింది. మా నాన్న ఎత్తుకున్నాడు." వదిన నవ్వింది. "ఎంత బాగుందో చెప్పలేను."

పెన్సిలు ఆగిపోయింది.

"దుకాణంలో ఎలా ఉంటారమ్మా?" అని అడిగింది అమ్మాయి.

"అక్కడ నాకు పనే సరిపోతుంది. ఇరవై ఏళ్ళలో ఒక్కరికి కూడా చెప్పిన రోజు దాటి బట్టలివ్వలేదు."

పూల దుకాణంలో బట్టలేమిటని అమ్మాయి అడగలేదు. "ఈ ఫోటో సంగతి ఇంతకుముందు ఎవరికైనా చెప్పారా?" అంది.

"ఎవరూ అడగలేదు." వదిన మొహం అద్దం వైపు తిరిగింది. తనకు తాను తప్ప ఏమీ కనిపించదక్కడ. అయినా సరిగ్గా నా కళ్ళలోకే చూసింది. "ఈ కార్డు రాసినాయన ఇరవై రెండేళ్ళుగా నా చేతి అన్నం తింటున్నాడు. నేను కళ్ళజోడు ఎలా తీస్తానో రాశాడు, ఎన్నో మెట్టు మీద పడతానో రాశాడు. ఎందుకు పడతావని మాత్రం అడగలేదు. ఆటోలో మొదటి వాక్యం చదవగానే తెలిసిపోయిందమ్మా. పోనీలే, ఈ ఒక్కపూటైనా తగ్గించి చూపిద్దామని తగ్గించాను. ఇదిగో, ఇదీ నేను చేసిన యాక్టింగు."

డాక్టరమ్మ నా వైపు తిరగలేదు. తిరగకపోవడమే నయం.

పది నిమిషాలు అయిపోవస్తుండగా అమ్మాయి చెప్పిన సమాధానం ఇది. "కాగితం మీద ఉన్న లక్షణాలు చూస్తే హిస్ట్రియానిక్ అనొచ్చు. కానీ జబ్బు అనాలంటే అది వయసొచ్చినప్పటినుంచీ అన్నిచోట్లా ఉండాలి, తననో ఎదుటివాళ్ళనో నష్టపరచాలి. ఈవిడ పని చక్కగా చేసుకుంటున్నారు. స్వభావం ఉంది, జబ్బుందని పది నిమిషాల్లో చెప్పను. ఇంకా వినాలి." బెల్లు మోగింది. వదిన ఆ అమ్మాయిని చెయ్యి పట్టుకుని ఆపి, వంగి బూటు లేసు ముడి వేసి పంపించింది.

"ఆ పిల్లకు నిండు మార్కులు" అంది డాక్టరమ్మ. "నీకేమివ్వాలో ఆలోచిస్తాను."

నేను వెళ్ళి సామాను గదిలో దాక్కున్నాను. అట్టపెట్టెల మధ్య, కట్లు కట్టుకునే బ్యాండేజీల మధ్య కూర్చుని, వదినకు చెప్పాల్సిన మాటలు కూర్చుకున్నాను. పదిహేనేళ్ళు ఊళ్ళోవాళ్ళందరికీ మాటలందించినవాణ్ణి, నాకు ఒక్కటీ అందలేదు. పరీక్ష ముగిసిందని చివరి బెల్లు మోగినా లేవలేదు. అటెండరు వచ్చి లాక్కుపోయాడు.

ఏటా పరీక్ష అయ్యాక వేషాలు వేసినవాళ్ళందరినీ నిలబెట్టి ఒక ఫోటో తీస్తారు. అందరూ ముందు గుమ్మం మెట్ల మీద చేరారు. మంగలి మధ్యలో నిలబడి, మిగతావాళ్ళను పక్కకు సర్దుతున్నాడు. ఐదో గది ఆవిడ ఆరో గది ఆయన మీద అలిగింది. నేను తల వంచుకుని ఒక మూల నిలబడ్డాను.

"అందరూ వచ్చారా?" అన్నాడు ఫోటో తీసే కుర్రడాక్టరు.

"వచ్చేశారు, తియ్యండి" అన్నాడు మంగలి.

"ఒకటి... రెండు..."

నేను తలెత్తి మనుషుల్ని చూశాను. మళ్ళీ చూశాను. లెక్కపెట్టాను. పొద్దున నేనేమన్నానో అక్షరం అక్షరం గుర్తొచ్చింది.

"ఆపండి!" అని అరిచాను. నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు. మేడ మీద కిటికీలు తెరుచుకున్నాయి. "ఆపండి! తియ్యొద్దు! ఒక మనిషి లేదు! మా వదిన లేదు! ఎవరికీ కనిపించట్లేదా? మీకు కళ్ళు లేవా? లెక్కపెట్టడం రాదా?" అంటూ మంగలిని తోసుకుని లోపలికి పరిగెత్తాను. వీల్ చెయిర్ అడ్డొస్తే దూకాను. ట్రే పట్టుకున్న నర్సు గోడకు అతుక్కుపోయింది. పిచ్చి పట్టినవాడిలా "వదినా! వదినా!" అని అరుస్తూనే ఉన్నాను.

నడవా చివర, పొద్దున నేను కూర్చోబెట్టిన బెంచీ మీదే వదిన మళ్ళీ వచ్చి కూర్చుని ఉంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, కాళ్ళు కూడా ఊపకుండా.

బెంచీకి ముందు నాలుగు మెట్లున్నాయన్నది నాకు ఆ హడావిడిలో తట్టలేదు. ఎన్నో మెట్టు మీద జారానో లెక్కపెట్టలేదు. నా కళ్ళజోడు తియ్యడానికి టైం ఎక్కడిది, అదే ఎగిరి ఎక్కడో పడింది. నేను పడిన చప్పుడుకు నర్సులూ, విద్యార్థులూ, వేషగాళ్ళూ, అటెండరూ, పెన్సిలుతో డాక్టరమ్మా, అందరూ పరిగెత్తుకొచ్చి చుట్టూ చేరారు. ఎవరో తల పట్టుకున్నారు, ఎవరో కాలు. వదిన లేసు కట్టిన అమ్మాయి నా మోకాలు నొక్కి చూస్తోంది. నిజం చెప్పొద్దూ, అన్ని మొహాలు నా మీదికి వంగితే బాగానే ఉంది.

"వదినా" అన్నాను. నాకు ఏడుపొచ్చేసింది. "నిన్ను మర్చిపోలేదు. అసలు మర్చిపోలేదు. నువ్వు లేకుండా ఫోటో తీస్తుంటే ఆపించాను. ఆ రోజు స్టూడియోలో ఇంకేం జరిగిందో అంతా చెప్పు. ఇంటికెళ్ళాక అన్నయ్య పేపరు చింపేస్తాను. ఇద్దరం వింటాం. అయ్యో, నా ప్రాణం, ఈ మోకాలు!"

వదిన మెల్లగా వచ్చి నా కళ్ళజోడు వెతికి తెచ్చింది. కొంగుతో తుడిచి, రెండు చేతులతో నా ముక్కు మీద సరిగ్గా కూర్చోబెట్టింది. ఆవిడ కళ్ళు కూడా తడిగానే ఉన్నాయి.

"కొంచెం తగ్గించు మరిదీ" అంది. "అందరూ చూస్తున్నారు."